అల్టిమేట్ ప్లే ది గేమ్: 16కేబీలో జెట్‌ప్యాక్ ఎలా పట్టింది, నైట్ లోర్‌ని ఎందుకు ఆపి ఉంచారు?

సాయంత్రం_కోడ్ అడిగిన ప్రశ్న

1982లో వచ్చిన ఇంగ్లండ్ ఇంటి కంప్యూటర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కోసం అసెంబ్లీలో (ప్రాసెసర్‌కి నేరుగా ఆజ్ఞలిచ్చే భాషలో) ఒక చిన్న ఆట రాస్తున్నాను, ఆ పాత మెషిన్‌ని నేటి కంప్యూటర్‌లో అనుకరించే ఫ్యూజ్ ఎమ్యులేటర్ మీద. నమూనాగా పెట్టుకున్నది 1983లో వచ్చిన జెట్‌ప్యాక్. దాన్ని తీసిన అల్టిమేట్ ప్లే ది గేమ్ గురించి వెతికితే ఎక్కడ చూసినా అవే నాలుగు ముక్కలు: ఇంగ్లండ్‌లో చిన్న ఊరు, ఇద్దరు అన్నదమ్ములు, మాట్లాడని కంపెనీ. అసలు విషయం తెలిసినవాళ్లు చెబుతారని ఇక్కడ అడుగుతున్నాను.

ఒక్క 1983లోనే ఆరు ఆటలు తెచ్చారు. అందులో నాలుగు 16కేబీ మెషిన్ మీద ఆడేవి. అంత తక్కువ మెమరీలో అదెలా కుదిరింది? 1984లో వాళ్లే తెచ్చిన నైట్ లోర్ ముందే తయారైనా కావాలని ఆపి ఉంచారనే మాట నిజమేనా? గదిలో వస్తువులు ఎక్కువైతే ఆ ఆట నెమ్మదిస్తుంది కదా, కారణం ఏంటి?

నా కోడ్‌లో రెండు ఇబ్బందులున్నాయి. స్క్రీన్ పైభాగంలో స్ప్రైట్లు (కదిలే బొమ్మలు) మిణుకుమంటున్నాయి, కింది భాగంలో బాగానే ఉన్నాయి. స్ప్రైట్ ప్లాట్‌ఫామ్ పక్కగా వెళ్తే ప్లాట్‌ఫామ్ రంగు మారిపోతోంది. జెట్‌ప్యాక్‌లో ఈ రెండూ కంటికి కనబడవు.

పాత_క్యాసెట్

ముందు కంపెనీ సంగతి. రిజిస్టర్ చేసిన పేరు ఆష్బీ కంప్యూటర్స్ అండ్ గ్రాఫిక్స్. జెట్‌ప్యాక్ మొదటి తెర మీద కనిపించే ఏ.సి.జి. అదే. అల్టిమేట్ ప్లే ది గేమ్ అనేది అమ్మకానికి పెట్టుకున్న పేరు. ఊరు లెస్టర్‌షర్‌లోని ఆష్బీ-డి-లా-జూష్. మొదలుపెట్టింది అన్నదమ్ములు టిమ్ స్టాంపర్, క్రిస్ స్టాంపర్, వాళ్లతో పాటు జాన్ లాత్‌బరీ, క్యారల్ వార్డ్. క్రిస్ ప్రధానంగా కోడ్, టిమ్ ప్రధానంగా బొమ్మలు.

వీళ్ల ఆటలు మిగతావాటికంటే ముందున్నాయంటే దానికి మొదటి కారణం వాళ్లు అంతకుముందు చేసిన పని. స్పెక్ట్రమ్ ఆటలు రాసిన చాలామంది ఇంట్లో బేసిక్ అనే తేలిక భాషతో మొదలుపెట్టి ప్రాసెసర్ సొంత భాష మెషిన్ కోడ్‌లోకి వచ్చినవాళ్లు. స్టాంపర్లు అలా కాదు, జైలెక్ అనే కంపెనీలో ఆర్కేడ్ మెషిన్లకు (నాణెం వేసి ఆడేవాటికి) పనిచేసి వచ్చారు. ఆనాటి ఆర్కేడ్ బోర్డులు చాలావాటిలో ఉన్నది జెడ్80 ప్రాసెసరే. 1982 ఏప్రిల్‌లో స్పెక్ట్రమ్ వచ్చినప్పుడు దాంట్లోనూ జెడ్80ఏ, 3.5 మెగాహెర్ట్జ్. వాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది ప్రాసెసర్‌ని కాదు, స్క్రీన్ ఎలా నడుస్తుందో మాత్రమే. ఆట మొదలైన క్షణం నుంచి ఆడేవాడి చేతిలో పని ఉండాలి, బటన్ నొక్కితే ఆ ఫ్రేమ్‌లోనే కదలాలి అనే పట్టుదల కూడా ఆర్కేడ్ నుంచి తెచ్చుకున్నదే. జెట్‌ప్యాక్ ఆడితే అది మొదటి పది సెకన్లలోనే తెలిసిపోతుంది. రాకెట్ మూడు ముక్కలు పేర్చాలి, ఆరు సార్లు ఇంధనం నింపాలి, ఎక్కి వెళ్లిపోవాలి. ఎవరూ వివరించనక్కర్లేదు.

1983 వరస ఇది: జెట్‌ప్యాక్, ప్స్‌స్ట్, ట్రాన్జ్ యామ్, కుకీ 16కేబీకి; ఆ తర్వాత లూనార్ జెట్‌మ్యాన్, అటిక్ అటాక్ 48కేబీకి. మొదటి నాలుగూ 16కేబీలో పట్టబట్టే స్పెక్ట్రమ్‌కి తగిలించే ఇంటర్‌ఫేస్ 2లో పెట్టే రోమ్ (చెరగని మెమరీ) కార్ట్రిడ్జ్‌లుగా కూడా వచ్చాయి. కార్ట్రిడ్జ్ పెడితే బేసిక్ రోమ్ స్థానంలో అదే కూర్చుంటుంది, ఉన్న చోటు సరిగ్గా 16కేబీ. ఆ పద్ధతిలో వచ్చిన ఆటలు మొత్తం పదే, అందులో నాలుగు వీళ్లవి.

మాట్లాడకపోవడం గురించి ఒక్క మాట. వాళ్లు ఇంటర్వ్యూలు దాదాపు ఇవ్వలేదు, ఆటల్లో ప్రోగ్రామర్ల పేర్లు వేసుకోలేదు. అదే కాలంలో లివర్‌పూల్‌లో ఇమాజిన్ అనే కంపెనీ పెద్ద పెద్ద ప్రకటనలు, ఖరీదైన కార్లతో హడావుడి చేసి 1984 జులైలో మూతపడింది. అల్టిమేట్ వాళ్ల మౌనం వ్యాపార ఎత్తుగడ అని కొందరు రాస్తారు. అంత చిన్న బృందం అన్ని ఆటలు తీస్తుంటే మాట్లాడే తీరిక ఎక్కడిది అన్నదే నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది.

ఎనిమిది_బిట్లు

మెమరీ లెక్క చూద్దాం. 16కేబీ స్పెక్ట్రమ్‌లో ర్యామ్ 16384 నుంచి 32767 వరకు. అందులో స్క్రీన్ చుక్కలకు 6144 బైట్లు, రంగులకు 768, మొత్తం 6912. తర్వాత ప్రింటర్ బఫర్, సిస్టమ్ వేరియబుల్స్ (బేసిక్ తన పనికి ఉంచుకునే చోట్లు). బేసిక్ ప్రోగ్రామ్ మొదలయ్యే చోటు 23755. అక్కడి నుంచి చివరిదాకా లెక్కేస్తే 9013 బైట్లు. బేసిక్‌కి తిరిగి వెళ్లే పని లేదనుకుంటే ప్రింటర్ బఫర్, సిస్టమ్ వేరియబుల్స్ చోటు కూడా వాడుకోవచ్చు, అప్పుడు 9472. కోడ్, బొమ్మలు, శబ్దాలు, స్టాక్ అన్నీ ఇందులోనే సర్దాలి.

ఈ లెక్క పెట్టుకుని స్ప్రైట్ సంగతి చూడండి. 16 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మ ఏ చుక్క దగ్గరైనా నిలబడాలంటే మూడు బైట్ల వెడల్పు కావాలి. బైటుకు ఎనిమిది చుక్కలు కాబట్టి, బొమ్మను ఒక్కో చుక్క జరిపిన ఎనిమిది నకళ్లనూ (జరుపులనూ) ముందే తయారుచేసి పెట్టుకుంటే 3 × 24 × 8, అంటే ఒక్క భంగిమకు 576 బైట్లు. నడకకు నాలుగు భంగిమలు, ఒక్క దిక్కుకే 2304. ఉన్న చోటులో పావు వంతు ఒక్క మనిషికే ఖర్చు. అందుకే 16కేబీలో రాసేటప్పుడు రెండే దార్లు. ఒకటి, రెండేసి చుక్కలు మాత్రమే కదిలించి జరుపులను నాలుగుకు తగ్గించడం. రెండు, ఒక్క బొమ్మే ఉంచుకుని గీసేటప్పుడు జరపడం, ఎడమ వైపు బొమ్మను అద్దంలో తిప్పినట్టు అప్పటికప్పుడు తిరగేయడం. మొదటిది చోటు తింటుంది, రెండోది సమయం తింటుంది.

జెట్‌ప్యాక్ చోటును ఆటను కుదించి ఆదా చేసుకుంది, అదీ తెలివైన పని. తెర ఒకటే. ప్లాట్‌ఫామ్‌లు మూడు, కింద నేల. దశ మారితే శత్రువు మారుతుంది, నాలుగు దశలకొకసారి రాకెట్ మారుతుంది, తెర అమరిక మాత్రం మారదు. కొత్త తెరల కోసం ఒక్క బైటూ ఖర్చు లేదు. అయినా ప్రతి దశా వేరుగా అనిపిస్తుంది, ఎందుకంటే శత్రువు కదిలే తీరు మారితే అదే తెరలో మనం నిలబడే చోటు, కాల్చే సమయం మారిపోతాయి.

ఇప్పుడు మీ రంగు సమస్య. స్పెక్ట్రమ్‌లో 8 × 8 గడికి ఒక ఇంకు (చుక్కల రంగు), ఒక పేపర్ (వెనక రంగు), అంతే. పైన చెప్పిన 16 × 24 స్ప్రైట్ గడులతో కలవని చోట నిలబడితే మూడు నిలువు వరసలు × నాలుగు అడ్డ వరసలు, మొత్తం 12 గడుల రంగు మార్చేస్తుంది. ఆ పన్నెండులో ఒకటి ప్లాట్‌ఫామ్‌ది అయితే దాని రంగూ పోతుంది. జెట్‌ప్యాక్‌లో వెనకంతా నలుపు. రెండు వస్తువులు ఒకే గడిలోకి వస్తే ఇంకు రంగు మారుతుందే తప్ప వెనక పలకలా డబ్బా కనబడదు. రంగుల క్లాష్ (ఒకదాని రంగు ఇంకోదానికి అంటడం) ఉంది, కానీ కన్ను పట్టుకోదు. మీరు చేయాల్సినవి ఇవి: పేపర్ అన్నిచోట్లా నలుపు చేయండి. ప్లాట్‌ఫామ్‌ని సరిగ్గా 8తో భాగించబడే వరసలోనే పెట్టండి, ఎత్తు 8 చుక్కలకు మించొద్దు. స్ప్రైట్ రంగు వేసేముందు ఆ గడి ప్లాట్‌ఫామ్‌దా అని చూసి, అయితే వదిలేయండి. మనిషి అరికాలు ప్లాట్‌ఫామ్ రంగులో కనిపించినా ఫర్వాలేదు, ప్లాట్‌ఫామ్ మనిషి రంగులోకి మారితేనే చెడ్డగా ఉంటుంది.

మిణుకు సంగతి వేరు, అది సమయం సమస్య. ఫ్రేముకోసారి ప్రాసెసర్‌కి వచ్చే పిలుపు, అంటే ఇంటరప్ట్, వచ్చాక స్క్రీన్ మొదటి గీత గీయడం మొదలవడానికి 64 గీతల సమయం ఉంటుంది. గీతకు 224 టి-స్టేట్లు (ప్రాసెసర్ గడియారం టిక్కులు) కాబట్టి 14,336. మాస్క్‌తో (బొమ్మ ఆకారంలో వెనకది చెరిపే అచ్చుతో) స్ప్రైట్ గీయడానికి బైటుకు సుమారు 50 టి-స్టేట్లు వేసుకుంటే 72 బైట్లకు 3600. పాతది చెరపడం కూడా కలిపితే 7200. అంటే టీవీ తెరను గీసే కిరణం స్క్రీన్ పైకి చేరేలోపు మీరు రెండు స్ప్రైట్లు మాత్రమే పూర్తిచేయగలరు. మూడోది పైభాగంలో ఉంటే, చెరిపి ఇంకా గీయకముందే కిరణం దాని మీదుగా వెళ్లిపోతుంది. మిణుకు అదే. స్క్రీన్ కింది మూడో వంతుకు కిరణం చేరేది 43,008 దగ్గర, అందుకే మీకు కింద బాగుంది.

అన్నీ చెరిపి, తర్వాత అన్నీ గీస్తుంటే ముందు అది మానండి. ఒక్కో స్ప్రైట్‌ని చెరిపిన వెంటనే గీయండి. ఇంటరప్ట్ కోసం ఆగే హాల్ట్ ఆజ్ఞ అయ్యాక అన్నింటికంటే పైనున్న దానితో మొదలుపెట్టి కిందికి రండి. శబ్దం, స్కోరు, శత్రువుల లెక్కలు అన్నీ గీయడం అయ్యాకే. స్క్రీన్ చిరునామాను ప్రతిసారీ లెక్కకట్టకుండా 192 గీతలకు పట్టిక పెట్టుకోండి, 384 బైట్లు పడుతుంది, ఆ ఖర్చుకు తగ్గ లాభం ఉంది.

ఇంకొకటి. 16384 నుంచి 32767 దాకా ఉన్న మెమరీని తెరను నడిపే యూఎల్‌ఏ చిప్ కూడా స్క్రీన్ కోసం చదువుతుంది. తెర గీసే సమయంలో మీ కోడ్ అక్కడ ఉంటే ఒక్కో చదువుకు ఆరు టి-స్టేట్ల దాకా ఆగాల్సి వస్తుంది. 48కేబీ మెషిన్‌కే రాస్తుంటే కోడ్‌ని 32768 పైన పెట్టండి. 16కేబీలో ఆ వీలు లేదు, ఉన్న ర్యామ్ అంతా ఆ ఆగే భాగమే. జెట్‌ప్యాక్ క్యాసెట్ ఆ ర్యామ్‌లోనే నడిచింది.

పాత_క్యాసెట్

నైట్ లోర్ ప్రశ్నకు వస్తాను. ఆపి ఉంచిన మాట నిజమే. వాళ్లదే సేబర్ వుల్ఫ్ అనే ఆట 1984 మధ్యలో వచ్చింది, నైట్ లోర్ నవంబర్‌లో. కానీ నైట్ లోర్ అంతకుముందే పూర్తయిందని టిమ్ స్టాంపర్ తర్వాత ఇంటర్వ్యూలో చెప్పారు. కారణం సూటిగా వ్యాపారం: నైట్ లోర్ చూసినవాళ్లు ఆ తర్వాత సేబర్ వుల్ఫ్ లాంటి చదునైన ఆట కొనరు. కాబట్టి ముందు సేబర్ వుల్ఫ్ అమ్మారు. అదీ 5.50 పౌండ్ల ధర వదిలేసి 9.95 పౌండ్లకు, పెద్ద పెట్టెలో. ధర దాదాపు రెట్టింపు చేసినా అమ్ముడుపోయింది. చేతిలో ఇంకా పెద్ద ఆట ఉందని తెలిసి, దాన్ని నెలల తరబడి బయటపెట్టకుండా ఉండగలిగారంటే ఆ నిబ్బరం మామూలుది కాదు. చాలా కంపెనీలు కొత్తది చేతికి రాగానే అమ్మేసి, పాతదాని అమ్మకాలు తామే చంపుకున్నాయి.

ఎనిమిది_బిట్లు

నెమ్మదించడానికి కారణం ఆ పద్ధతిలోనే ఉంది. వాళ్లు దానికి ఫిల్మేషన్ అని పేరు పెట్టారు. గదిలో ప్రతి వస్తువుకూ మూడు కొలతల్లో చోటు ఉంటుంది. దాన్ని ఏటవాలు చూపులో తెర మీదికి దించాలి: అడ్డంగా ఎక్స్ మైనస్ వై, నిలువుగా ఆ రెంటి మొత్తంలో సగం, దాన్నుంచి ఎత్తు తీసేయాలి. అది తేలిక. కష్టం ఏమిటంటే ఏది ముందు, ఏది వెనక అనేది. వెనకది ముందు గీయాలి. ఒక్కో వస్తువుకు ఒక దూరం అంకె ఇచ్చి వరస పెట్టేస్తే సరిపోతుందనిపిస్తుంది, కానీ సైజులు వేరైనప్పుడు, ఒకదాని మీద ఒకటి ఎక్కినప్పుడు ఆ వరస తప్పుతుంది. బల్ల మీద నిలబడ్డవాడి కాళ్లు బల్ల వెనక్కి పోతాయి. సరిగ్గా రావాలంటే జతలు జతలుగా మూడు దిక్కుల్లోనూ పోల్చాలి. ఐదు వస్తువులకు పది జతలు, పది వస్తువులకు నలభై ఐదు. కదిలేవి పెరిగితే పని అలా పెరుగుతుంది, ఆట నెమ్మదిస్తుంది.

బొమ్మ ఒకదాని వెనక ఒకటి నిజంగా దాగినట్టు కనబడటానికి ప్రతి స్ప్రైట్‌కూ మాస్క్ ఉంది. వెనకున్న చుక్కలను మాస్క్‌తో ఆండ్ చేసి (చెరిపి), దాని మీద బొమ్మను ఆర్ చేస్తారు (అద్దుతారు). మాస్క్ లేకుండా ఎక్సార్‌తో (చుక్కలను తిరగేసే లెక్కతో) గీస్తే చోటు ఆదా అవుతుంది కానీ రెండు బొమ్మలు కలిసిన చోట చుక్కలు తిరగబడి గజిబిజిగా కనిపిస్తాయి. ఏటవాలు గదిలో అది అస్సలు పనికిరాదు.

రంగు ఒకటే ఉండటానికీ ఇదే కారణం. ఆ చూపులో వస్తువులు ఎప్పుడూ ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉంటాయి, గడికి రెండు రంగులతో దాన్ని నెట్టుకురాలేరు. కాబట్టి గది మొత్తానికి ఒక ఇంకు, నల్ల పేపర్. గది మారితే ఇంకు మారుతుంది. లోపాన్ని దాచడం కాదు ఇది, రంగును వదులుకుని లోతును కొనుక్కోవడం.

గీసేది నేరుగా తెర మీద కాదు. మెమరీలో వేరే నకలు ఉంటుంది, దాని మీద గీసి మారిన చతురస్రాలను మాత్రమే తెరకు ఎక్కిస్తారు. 6144 బైట్లనూ ఎల్‌డీఐఆర్ అనే నకలు ఆజ్ఞతో ఎక్కిస్తే బైటుకు 21 చొప్పున 1,29,024 టి-స్టేట్లు. ఒక ఫ్రేమ్‌లో ఉన్నవి 69,888. అంటే తెర మొత్తం ఎక్కించడానికే దాదాపు రెండు ఫ్రేములు పోతాయి. తెరకూ నకలుకూ కలిపి 13,056 బైట్లు. 16కేబీ మెషిన్‌లో ఇది చేస్తే ఆటకు మిగిలేది 3328. నైట్ లోర్ 48కేబీకే ఎందుకో ఇక్కడే తెలుస్తుంది.

ఇంత పని పెట్టుకున్నది చూపు కోసమే కాదు, ఆట కోసం. 128 గదులు, 40 రోజులు, మంత్రగాడి కాగులో వేయాల్సిన 14 వస్తువులు. మోసుకెళ్తున్న వస్తువును కింద పెట్టి, దాని మీద ఎక్కి పైకి దూకొచ్చు. చదునైన ఆటల్లో వస్తువు అంటే ఏరుకునేది మాత్రమే. ఇక్కడ అది మెట్టు కూడా అయింది. తర్వాత బ్యాట్‌మ్యాన్, హెడ్ ఓవర్ హీల్స్ తీసిన జాన్ రిట్‌మన్ ఈ దారి పట్టింది నైట్ లోర్ చూశాకే.

సాయంత్రం_కోడ్

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. పైనుంచి కిందికి వరస పెట్టాక మిణుకు పోయింది. ఇంకొక్కటి అడుగుతాను. అసలు మెషిన్ మీద ఆడి చూడాలని ఉంది. 48కేబీ స్పెక్ట్రమ్ ఒకటి అమ్మకానికి ఉంది, కానీ అడాప్టర్ లేదు, పనిచేస్తుందో లేదో తెలియదంటున్నారు. ఏం చూసుకోవాలి?

టంకం_పొగ

అడాప్టర్ దగ్గరే ఎక్కువ మెషిన్లు పోతాయి, కాబట్టి ముందు అది. 9 వోల్టుల డీసీ, 1.4 ఆంపియర్లు, మధ్యలో నెగటివ్. బజార్లో దొరికే 9 వోల్టులవి చాలావరకు మధ్యలో పాజిటివ్. ప్లగ్ సరిపోయిందని పెట్టేయకండి, మల్టీమీటర్‌తో చూశాకే పెట్టండి.

ఆన్ చేస్తే తెర తెల్లబడి కింద 1982 సింక్లెయిర్ రీసెర్చ్ అనే వరస రావాలి. నిలువు చారలు వచ్చి ఆగిపోతే కింది 16కేబీ ర్యామ్‌ని అనుమానించాలి. అవి 4116 చిప్‌లు ఎనిమిది, వాటికి మూడు వోల్టేజీలు కావాలి: 1వ కాలుకు మైనస్ 5, 8వ కాలుకు 12, 9వ కాలుకు 5. 16వ కాలు గ్రౌండ్. మైనస్ 5 లేకుండా నడిస్తే చిప్‌లు కాలిపోతాయి, కాబట్టి అది లేదని తేలితే వెంటనే ఆపేయండి. చిప్‌లు మార్చేముందు టీఆర్4 ట్రాన్సిస్టర్‌ని, ఆ చుట్టుపక్కల కెపాసిటర్లను చూడండి. కారణం పోకుండా కొత్త చిప్‌లు పెడితే అవీ పోతాయి.

టీవీకి వెళ్లేది యూహెచ్‌ఎఫ్ 36వ ఛానల్. కొత్త టీవీల్లో అది పట్టడం కష్టం. వీడియోని టీవీ ఛానల్‌గా మార్చే మాడ్యులేటర్ డబ్బాకు వచ్చే వీడియో తీగ, 5 వోల్టుల తీగ విప్పి, వీడియోని నేరుగా ఆర్‌సీఏ సాకెట్ మధ్య పిన్నుకు కలిపితే కాంపోజిట్ (టీవీ ఏవీ సాకెట్‌కు ఇచ్చే వీడియో) అవుతుంది. శబ్దం మెషిన్ లోపలి స్పీకర్ నుంచే వస్తుంది, టీవీకి వెళ్లదు. కాబట్టి ఇంగ్లండ్, మన దేశం టీవీ పద్ధతుల్లో (రెండూ పాల్ రకాలే) ఉన్న శబ్దం తేడా అడ్డం రాదు.

మన దగ్గర దొరికేవాటిలో డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ అని కూడా ఉంటాయి, 80ల్లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్సుతో అమ్మినవి. 48కేబీ ఆటలన్నీ వాటి మీద ఆడతాయి.

క్యాసెట్ బదులు ఫోన్ నుంచి లోడ్ చేస్తుంటే ఈక్వలైజర్ తీసేయండి, ఎంపీ3 కాకుండా వేవ్ ఫైల్ వాడండి, ఒక్క ఛానలే ఇయర్ సాకెట్‌కు ఇవ్వండి. మైక్ తీగ విప్పి ఉంచండి. ఎరుపు, లేత నీలం చారలు స్థిరంగా వచ్చి, తర్వాత నీలం, పసుపు చారలు రావాలి. మొదటివి వచ్చి రెండోవి రాకపోతే వాల్యూమ్ తక్కువ. రెండూ వచ్చి చివర్లో టేప్ లోడింగ్ ఎర్రర్ అంటే చెక్‌సమ్ (సరిచూసే అంకె) తప్పింది, అప్పుడు వాల్యూమ్ కొంచెం తగ్గించి చూడండి. నిజం క్యాసెట్ అయితే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని తిప్పుతూ శబ్దం బాగా పదునుగా వినబడే చోట ఆపండి.

పాత_క్యాసెట్

కంపెనీ చివర ఏమైందో ఎవరూ రాయలేదు కాబట్టి అది చెప్పి ఆపుతాను. ఏలియన్ 8 1985లో వచ్చింది, అదే ఫిల్మేషన్‌తో. నైట్‌షేడ్, గన్‌ఫ్రైట్‌లలో దాన్ని పెంచి, గదులు కాకుండా జరిగే వీధులు తీశారు. అదే ఏడాది అల్టిమేట్ పేరు యూఎస్ గోల్డ్ అనే ఆటల కంపెనీ చేతికి వెళ్లింది. 1987లో వచ్చిన బబ్లర్, మార్షనాయిడ్స్‌ని పాతవాటి పక్కన పెట్టి చూడకండి, నిరాశపడతారు.

స్టాంపర్లు అప్పటికే జపాన్ వైపు చూశారు. నింటెండో ఆటల మెషిన్ ఫామికామ్‌ని విప్పి, పత్రాలేవీ లేకుండానే అది ఎలా నడుస్తుందో కనిపెట్టి, దాని మీద నమూనాలు రాసి నింటెండోకే చూపించారు. అలా రేర్ అనే కంపెనీ నిలబడింది. 1994లో డాంకీ కాంగ్ కంట్రీ, 2002లో మైక్రోసాఫ్ట్ 37.5 కోట్ల డాలర్లకు కొనడం, 2007లో అన్నదమ్ములిద్దరూ బయటికి రావడం, ఇవి చాలామందికి తెలిసినవే.

సాయంత్రం_కోడ్ గారూ, ఎక్స్‌బాక్స్ ఉంటే 2015లో వచ్చిన రేర్ రీప్లేలో జెట్‌ప్యాక్, లూనార్ జెట్‌మ్యాన్, అటిక్ అటాక్, సేబర్ వుల్ఫ్, అండర్‌వుర్ల్డ్, నైట్ లోర్, గన్‌ఫ్రైట్ ఏడూ ఉన్నాయి. కోడ్ నేర్చుకోవడానికైతే ఎమ్యులేటర్ మేలు. ఫ్యూజ్‌లో మెషిన్ రకం 16కేబీకి మార్చి మీ ఆట నడిపి చూడండి. 32768 పైన మీరు దేనికైనా చోటు వాడుకుని ఉంటే అక్కడే బయటపడుతుంది.